తల్లిదండ్రులిద్దరికీ షుగర్, జన్యు రిపోర్టులో ‘హై రిస్క్’: ఇప్పుడు ఏ టెస్టు చేయించాలి?

మీరు రాసిన వివరాలు ఇవి. వయసు 36. చెన్నై పెరుంగుడిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నడుము 94 సెంటీమీటర్లు, వ్యాయామం లేదు. నాన్నకు 48వ ఏట, అమ్మకు 55వ ఏట షుగర్ వచ్చింది. నెల్లూరులో ఉండే బాబాయికి 24 ఏళ్లకే వచ్చింది. మీ హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 5.6. ఆఫీసు హెల్త్ ప్యాకేజీలో చేసిన జన్యు పరీక్షలో టీసీఎఫ్7ఎల్2 జన్యువు దగ్గర ‘సీటీ, రిస్క్ 1.4 రెట్లు, హై’ అని వచ్చింది. ఇంకా పెద్ద జన్యు పరీక్ష చేయించుకోవాలా, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇప్పుడే మొదలుపెట్టాలా, పిల్లల కోసం చూస్తున్న చెల్లికి ఏం చెప్పాలి అని అడిగారు.

పెద్ద జన్యు పరీక్ష మీకు వద్దు. ఆ డబ్బులో చిన్న వంతు పెడితే 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష అయిపోతుంది. మీ విషయంలో అది చెప్పేదే ఎక్కువ. మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన బాబాయి సంగతి మాత్రం వేరు. నిజంగా జన్యు పరీక్ష అవసరమయ్యే మనిషి మీ ఇంట్లో ఉంటే అది ఆయనే కావచ్చు. ముందు రిపోర్టు సంగతి చూద్దాం. ఇలాంటివి చదివి చెప్పడమే మా పని కాబట్టి, అందులో దేన్ని పట్టించుకోవాలో దేన్ని వదిలేయాలో కొంత తెలుసు.

‘సీటీ’ అంటే ఆ చోట అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చిన రెండు అక్షరాల్లో ఒకటి సీ, ఒకటి టీ అని. రిస్క్ పెంచేది టీ రకం. ‘1.4 రెట్లు’ అని చదవగానే చాలామంది 100 మందిలో 20 మందికి వచ్చేది 28 మందికి వస్తుందని లెక్క వేసుకుంటారు. అది తప్పు లెక్క. ఆ 1.4 వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ మధ్య ఉండే నిష్పత్తి మీద పడుతుంది. ఉదాహరణకు, ఆ టీ రకం అసలే లేనివాళ్లలో 100కు 20 మందికి షుగర్ వస్తుందనుకోండి. నిష్పత్తి 20కి 80, అంటే 0.25. ఒక టీ ఉంటే 0.25ను 1.4తో గుణించాలి, 0.35 వస్తుంది. దాన్ని తిరిగి శాతంలోకి మారిస్తే దాదాపు 26. రెండు టీలు ఉంటే 33 దాకా వెళ్తుంది. అంటే మీ ‘సీటీ’ వల్ల 20 కాస్తా 26 అయింది, అంతే. దాన్ని ఎర్ర రంగులో ‘హై’ అని అచ్చు వేయడం వ్యాపారం. ఆ జన్యు స్థానాన్ని ఆర్‌ఎస్7903146 అంటారు. కొన్ని రిపోర్టుల్లో అదే సీటీని జీఏ అని చూపిస్తారు, డీఎన్ఏ రెండో పోగు వైపు నుంచి చదివినందుకు. కంగారు పడక్కర్లేదు, రెండూ ఒకటే.

టీసీఎఫ్7ఎల్2 ఉత్తుత్తి జన్యువు మాత్రం కాదు. 2006లో ఐస్‌లాండ్‌లోని డీకోడ్ సంస్థ బయటపెట్టింది. మామూలు టైప్ 2 షుగర్‌కు తెలిసిన సాధారణ జన్యు మార్పుల్లో దీని ప్రభావమే ఎక్కువ. చెన్నైలో జరిగిన క్యూర్స్ అధ్యయనంలో ఇక్కడి జనంలోనూ దీనికీ షుగర్‌కూ సంబంధం కనిపించింది. ఇది ఎక్కడ దెబ్బ తీస్తుందో తెలిస్తే ఏ టెస్టు చేయించాలో కూడా అర్థమవుతుంది. అన్నం తిన్నాక పేగుల నుంచి వచ్చే జీఎల్‌పీ-1 సంకేతానికి క్లోమం ఇన్సులిన్ వదలాలి. టీ రకం ఉన్నవాళ్లలో ఆ స్పందన కాస్త మందం. కాబట్టి పరగడుపు షుగర్ చక్కగా ఉంటూనే, తిన్నాక మాత్రం ఎక్కువసేపు దిగకుండా ఉండిపోవచ్చు. పరగడుపు అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకూడదని చెప్పేది ఇందుకే.

అమెరికాలో జరిగిన డయాబెటిస్ నివారణ అధ్యయనంలో ఇదే జన్యువును పరిశీలించారు. ఏ జోక్యమూ లేని గుంపులో రెండు టీలు ఉన్నవాళ్లకు షుగర్ ఎక్కువగా వచ్చింది. తిండి, నడక మార్చుకున్న గుంపులో ఆ తేడా దాదాపు కనబడలేదు.

రిపోర్టులో ‘రక్షణ ఇచ్చే జన్యువు’ అని పీపీఏఆర్‌జీలో ప్రో12ఆలా అనే మార్పు కూడా ఉండి ఉంటుంది. దాన్ని చూసి సంబరపడకండి. ఐరోపా మూలాల వాళ్లకు అది కొంత కాపు కాస్తుంది. చెన్నైలో ఉన్నవాళ్లనూ, అమెరికాలోని డల్లాస్‌లో స్థిరపడిన దక్షిణాసియా వాళ్లనూ పోల్చి చూసిన 2006 నాటి పరిశోధనలో మనవాళ్లకు ఆ రక్షణ కనిపించలేదు. అదే మార్పు, అదే జన్యువు, ఫలితం వేరు. ఐరోపా వాళ్ల లెక్కలు మనకు నేరుగా అతకవనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

చివరి పేజీలో ఉండే మొత్తం స్కోరుదీ ఇదే ఇబ్బంది. 2024లో వచ్చిన పెద్ద విశ్లేషణలో 25 లక్షల మందికి పైగా డేటా తీసుకుని టైప్ 2 షుగర్‌తో సంబంధం ఉన్న 611 చోట్లను గుర్తించారు. ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది. వాటన్నింటినీ కూడి ఒక అంకె ఇస్తారు. ఆ 25 లక్షల్లో సగానికి పైగా ఐరోపా మూలాల వాళ్లే. అందుకే కంపెనీని ఒకే ప్రశ్న అడగండి: ఈ స్కోరును దక్షిణాసియా వాళ్ల మీద సరిచూశారా, లేదా? సూటిగా జవాబు రాకపోతే ఆ పేజీ పక్కన పెట్టండి. ఇంకో మాట. ‘90వ పర్సంటైల్’ అంటే షుగర్ వచ్చే అవకాశం 90 శాతం అని కాదు. నూరుగురిని వరుసలో నిలబెడితే మీ వెనక 90 మంది ఉన్నారని మాత్రమే. దాన్ని ఆధారం చేసుకుని అమ్మే ‘జన్యువులకు తగ్గ డైట్ ప్లాన్’ కొనొద్దు.

ఇప్పుడు ఇక్కడే తయారైన లెక్క చూడండి. మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు 2005లో ఇచ్చిన ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోరులో రక్తం కూడా తీయరు. వయసు 35 లోపైతే 0, 35 నుంచి 49 దాకా 20, 50 దాటితే 30. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లలోపు 0, 90 నుంచి 99 దాకా 10, 100 నుంచి 20. ఆడవాళ్లకు ఇవే మెట్లు 80, 90 దగ్గర. వ్యాయామమూ ఉండి ఒళ్లు వంచే పనీ ఉంటే 0, రెండింట్లో ఒకటే ఉంటే 20, ఏదీ లేకపోతే 30. తల్లిదండ్రుల్లో ఒకరికి షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మీది 20, 10, 30, 20 కలిపి 80. 60 నుంచి ఎక్కువ రిస్క్ కింద లెక్క.

మీరు రోజూ నడిచి, నడుమును 90 లోపుకు తెచ్చినా 60 దగ్గర ఆగుతారు. వయసూ తల్లిదండ్రులూ కలిసి 40, వాటిని మీరు మార్చలేరు. కుర్చీలో కూర్చునే ఉద్యోగం వల్ల ఇంకో 20. అమ్మానాన్నల నుంచి వచ్చిన వందలాది చిన్న మార్పుల మొత్తం ఫలితం ఆ కుటుంబ చరిత్రలోనే ఉంది. ఒక్క టీసీఎఫ్7ఎల్2 దాని ముందు ఎంత? పైగా కుటుంబ చరిత్రలో జన్యువులతోపాటు ఇంటి తిండి, కదలని అలవాటు కూడా చేరి ఉంటాయి. అందుకే అది ఇంకా బాగా పట్టిస్తుంది.

నడుము కొలిచేటప్పుడు ప్యాంటు సైజు చెప్పకండి. మనవాళ్లలో చాలామంది ప్యాంటు పొట్ట కింద కడతారు, 34 సైజు ప్యాంటు వేసేవాళ్ల నడుము టేపుతో కొలిస్తే 38 అంగుళాలు తేలుతుంది. చొక్కా పైకెత్తి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. మామూలుగా ఊపిరి వదిలాక చదవండి. పొట్ట లోపలికి లాగకూడదు.

ఇక అసలు పరీక్ష. హెచ్‌బీఏ1సీ 5.6 అంటే షుగర్‌కు ముందస్తు దశ మొదలయ్యే 5.7 గీతకు 0.1 మాత్రమే కింద. అది నిశ్చింతగా ఉండాల్సిన అంకె కాదు. ఒంట్లో ఐరన్ తక్కువగా ఉంటే ఈ అంకె ఉన్నదానికంటే పెరిగి కనిపిస్తుంది. ఎర్ర కణాలు త్వరగా విరిగిపోయే జబ్బులుంటే, లేదా ఈ మధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే తగ్గి కనిపించవచ్చు. తలసీమియా లక్షణం లాంటి హిమోగ్లోబిన్ తేడాలు ఉన్నప్పుడు కూడా నమ్మకం తగ్గుతుంది. కాబట్టి దానితోపాటు సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించి హిమోగ్లోబిన్, ఎంసీవీ (ఎర్ర కణాల సగటు సైజు) చూడండి.

75 గ్రాముల గ్లూకోజ్ పరీక్షకు ముందు మూడు రోజులు మామూలుగా అన్నం తినాలి. రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థాలు పడాలి. ‘టెస్టు ఉంది కదా’ అని ముందు వారమంతా అన్నం మానేస్తే, ఆ రోజు ఒక్కసారిగా పడిన గ్లూకోజ్‌కు శరీరం తడబడి అంకె తప్పుగా పెరుగుతుంది. రాత్రి భోజనం తర్వాత 8 నుంచి 10 గంటలు పరగడుపు, నీళ్లు తాగొచ్చు. పొద్దున మొదటి రక్తం ఇచ్చి, 75 గ్రాముల గ్లూకోజ్‌ను 250 నుంచి 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి 5 నిమిషాల్లో తాగేయాలి. మొదటి గుటక వేసినప్పటి నుంచి సరిగ్గా 2 గంటలకు రెండో రక్తం. ఆ 2 గంటలూ కూర్చునే ఉండాలి. కాఫీ, సిగరెట్, కింద వీధిలో ఒక రౌండు, ఏదీ వద్దు. వాంతి అయితే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, ఇంకో రోజు మళ్లీ చేయించాలి.

ఎక్కువగా తప్పు జరిగేది రెండు చోట్ల. నాలుగు ఇడ్లీలు తిని 2 గంటలకు ఇచ్చే ‘పీపీ’ పరీక్షను చాలామంది ఇదే అనుకుంటారు. మందులు వాడుతున్నవాళ్లకు అది పనికొస్తుంది, కొత్తగా కనిపెట్టడానికి కాదు. రెండోది ఇంటికి వచ్చి రక్తం తీసుకెళ్లే పద్ధతి. ఫ్లోరైడ్ లేని గొట్టంలో రక్తం అలాగే ఉంటే కణాలు ఆ గ్లూకోజ్‌ను తినేస్తూ ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. చెన్నై మే నెల ఎండలో బైకు డబ్బాలో రెండు మూడు గంటలు తిరిగితే సరిహద్దులో ఉన్న షుగర్ ‘నార్మల్’ అయిపోతుంది. గ్లూకోజ్ గొట్టానికి బూడిద రంగు మూత ఉందో లేదో చూసుకోండి. వీలైతే ల్యాబుకే వెళ్లండి, ఎలాగూ 2 గంటలు కూర్చోవాలి.

పరగడుపున 100 నుంచి 125 లేదా 2 గంటలకు 140 నుంచి 199 వస్తే షుగర్‌కు ముందస్తు దశ (ప్రీడయాబెటిస్). పరగడుపున 126 లేదా ఆపైన, 2 గంటలకు 200 లేదా ఆపైన ఉంటే షుగర్. ముందస్తు దశ అరుదైనదేం కాదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త సర్వే లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, ముందస్తు దశలో ఉన్నవాళ్లు 13.6 కోట్లు.

బాబాయి దగ్గరికి వద్దాం. నాన్న సొంత తమ్ముడనుకుని రాస్తున్నాం. పిన్ని భర్త అయితే ఇదంతా మీకు అక్కర్లేదు. 24 ఏళ్లకు షుగర్ రావడానికి నాలుగు దారులున్నాయి. మొదటిది టైప్ 1. మొదటి నుంచీ ఇన్సులిన్ తప్పనిసరి, మానేస్తే రోజుల్లోనే ఆసుపత్రి. రెండోది మామూలు టైప్ 2, మన దగ్గర ఆ వయసుకు కూడా తక్కువేం కాదు, ముఖ్యంగా పొట్ట ఉన్నవాళ్లలో. మూడోది దక్షిణాదిలో వైద్యులు బాగా ఎరిగిన క్లోమం రాళ్ల షుగర్. బక్కపలచని మనిషి, చిన్నప్పటి నుంచీ వచ్చిపోయే కడుపునొప్పి, స్కాన్‌లో క్లోమంలో రాళ్లు. దీనికీ ఎస్‌పీఐఎన్‌కే1 జన్యువుకూ సంబంధం ఉంది. నాలుగోది మోడీ (MODY) అనే రకం షుగర్. ఒకే ఒక్క జన్యువు చెడిపోవడం వల్ల వచ్చేది. తల్లి నుంచో తండ్రి నుంచో పిల్లలకు చేరే అవకాశం సగానికి సగం, కాబట్టి తరం తప్పకుండా చిన్న వయసులోనే కనిపిస్తుంది.

ఈ నాలుగోదాన్ని పట్టుకోవడం వల్లే మందు మారుతుంది. హెచ్‌ఎన్‌ఎఫ్1ఏ రకమైతే చాలామందికి సల్ఫోనిల్‌యూరియా మాత్ర కొద్ది మోతాదులోనే బాగా పనిచేస్తుంది. ఏళ్ల తరబడి ఇన్సులిన్ పొడుచుకుంటున్నవాళ్లు డాక్టరు పర్యవేక్షణలో మాత్రలకు మారిన సందర్భాలున్నాయి. జీసీకే రకమైతే పరగడుపు షుగర్ పుట్టుక నుంచే కాస్త ఎక్కువగా, కదలకుండా ఉంటుంది. గర్భం సమయం తప్పిస్తే సాధారణంగా మందే అక్కర్లేదు.

బాబాయిని అడగాల్సినవి: అప్పుడు బరువెంత, ఇన్సులిన్ ఎప్పటి నుంచి, ఎప్పుడైనా కొన్ని నెలలు మానేస్తే ఏమైంది, తాతయ్యకో నాయనమ్మకో ఏ వయసులో వచ్చింది, ఆయన పిల్లల్లో ఎవరికైనా చిన్న వయసులోనే కనిపించిందా. తర్వాత గ్యాడ్ యాంటీబాడీ పరీక్ష (టైప్ 1ను పట్టిస్తుంది), తిన్న తర్వాత సీ-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ ఇంకా తయారవుతోందా అని చెప్తుంది), పొట్ట స్కాన్. ఇన్నేళ్ల తర్వాత కూడా సీ-పెప్టైడ్ మిల్లీలీటరుకు 0.6 నానోగ్రాములు దాటి ఉండి, యాంటీబాడీలు లేకుండా, క్లోమం శుభ్రంగా ఉండి, మనిషి సన్నగా ఉండి, తరతరానా చిన్న వయసులోనే షుగర్ ఉంటే అప్పుడు మోడీ జన్యు పరీక్ష. చెన్నైలో చేసే చోట్లు ఉన్నాయి, నెల్లూరు నుంచి రాత్రి బయల్దేరక్కర్లేదు, పొద్దున రైలుకు వచ్చి సాయంత్రానికి వెళ్లిపోవచ్చు.

పరీక్ష మొదట బాబాయికే జరగాలి, మీకు కాదు. జబ్బు ఉన్న మనిషిలో ఏ మార్పో తేలాక, ఆ ఒక్క మార్పు మీలోనూ నాన్నలోనూ ఉందా అని చూడటం చవక, జవాబు సూటి. ముందే మీకు చేస్తే ‘అర్థం స్పష్టంగా తెలియని మార్పు’ అని ఒక మాట వస్తుంది, దానితో ఏం చేయాలో ఎవరూ చెప్పలేరు. మీ ఆఫీసు ప్యాకేజీలో మోడీ ‘లేదు’ అని ఉన్నా నమ్మకండి. అందులో వాడే జన్యు చిప్పు అందరిలో తరచూ కనిపించే మార్పులను మాత్రమే చదువుతుంది. మోడీకి ఆ జన్యువును అక్షరం అక్షరం చదివే సీక్వెన్సింగ్ కావాలి. నాన్నకు 48కి వచ్చింది కాబట్టి మీకు ఇది చేరి ఉండే అవకాశం తక్కువే. అయినా బాబాయికీ ఆయన పిల్లలకూ లాభం ఉంది.

మీ ఇంట్లో మేనరికాలు ఉన్నాయా అని చాలామంది డాక్టర్లు అడుగుతారు. అరుదైన, రెండు వైపుల నుంచీ రావాల్సిన జబ్బులకు ఆ ప్రశ్న ముఖ్యం. మామూలు టైప్ 2 విషయంలో దాన్ని పట్టుకుని ఊగిసలాడక్కర్లేదు.

చెల్లికి చెప్పాల్సింది ఖచ్చితంగా ఉంది. గర్భం తేలిన మొదటి విజిట్‌లోనే షుగర్ చూపించుకోవాలి. తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి 2 గంటలకు ఒక్కసారే చూసే పద్ధతి చెన్నై డాక్టర్ వి. శేషయ్య బృందం ప్రచారంలోకి తెచ్చిందే. అందులో 140 లేదా ఆపైన ఉంటే గర్భిణి షుగర్. మొదట మామూలుగా వచ్చినా 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయించాలి. కాన్పయ్యాక 6 నుంచి 12 వారాల్లో మళ్లీ గ్లూకోజ్ పరీక్ష. ఈ చివరిదాన్నే అందరూ పసిబిడ్డ హడావుడిలో వదిలేస్తారు. తల్లి కడుపులో ఉండగా ఎక్కువ షుగర్‌లో పెరిగిన బిడ్డకు, జన్యువులతో సంబంధం లేకుండానే, తర్వాత రిస్క్ పెరుగుతుంది. అమెరికాలోని పీమా తెగలో ఒకే తల్లి బిడ్డలను పోల్చినప్పుడు, తల్లికి షుగర్ వచ్చాక పుట్టినవాళ్లలోనే ఎక్కువగా కనిపించింది. జన్యువులు మార్చలేం గానీ ఇది మార్చగలం. మీ అమ్మకు 55కి వచ్చింది కాబట్టి మీ ఇద్దరికీ ఆ భారం ఉండే అవకాశం తక్కువ.

మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. చెన్నైలోనే డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మంది ముందస్తు దశ వాళ్ల మీద చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. సుమారు మూడేళ్లలో ఏమీ చేయని గుంపులో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకున్న గుంపులో 39.3. మెట్‌ఫార్మిన్ గుంపులో 40.5. రెండూ కలిపినా 39.5, అదనపు లాభమేమీ లేదు. బరువు పెద్దగా తగ్గకపోయినా ఈ ఫలితం వచ్చింది, ఇది తూకం ముల్లు కదలక విసిగిపోయేవాళ్లకు మంచి కబురు. అందులో వాళ్లంతా గ్లూకోజ్ పరీక్షలో 2 గంటల అంకె పెరిగినవాళ్లు. మీది ఇంకా చేయించనే లేదు. అది 140 దాటితే డాక్టరుతో మెట్‌ఫార్మిన్ మాట ఎత్తొచ్చు. ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుంది, శాకాహారులకు మరీ. అది కూడా అప్పుడప్పుడు చూపించుకోవాలి.

తిండి గురించి తక్కువే చెప్తాం, ఎందుకంటే చేయాల్సింది ఎక్కువ లేదు. 2025 ఇండియాబ్ ఆహార విశ్లేషణలో మన కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నట్టు తేలింది. తెల్ల అన్నం బదులు గోధుమో చిరుధాన్యాలో అంతే మోతాదులో తింటే రిస్క్ తగ్గలేదు. మొత్తం పిండి తగ్గించి ఆ చోటు పప్పు, పెరుగు లాంటి ప్రోటీన్‌కు ఇస్తేనే తగ్గింది. అంటే అన్నం మానేసి అంతే ఎత్తున రాగి సంకటి పెట్టుకోవడం పనిచేయదు, రాగి జావ అయితే ఇంకా త్వరగా షుగర్ ఎక్కిస్తుంది. వండిన అన్నం 150 గ్రాముల కప్పుకు సుమారు 40 గ్రాముల పిండి. ఆంధ్రా మెస్‌లో మూడోసారి అన్నం వద్దనండి, ముద్దపప్పు ఇంకో గరిటె వేయించుకోండి. ఇడ్లీ రోజుల్లో రెండు తగ్గించి వాటి బదులు పెసరట్టు పెట్టించుకోండి.

నడక వారానికి 150 నిమిషాలు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున 7 లోపే. లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కు అంత బాగున్నా మీకు పెరుంగుడి నుంచి దూరం. మీ అపార్టుమెంటు కింద తిరిగినా చాలు. రాత్రి భోజనమయ్యాక 15 నిమిషాలు నడిస్తే, తిన్నాక ఎక్కే షుగర్ మీదే పనిచేస్తుంది. అది మీ ‘సీటీ’ రకానికి సరిగ్గా సరిపోయే పని. వారానికి రెండు రోజులు బరువులెత్తడమో స్క్వాట్లో కలపండి, గ్లూకోజ్‌ను ఎక్కువగా ఖర్చుపెట్టేది కండే.

గ్లూకోజ్ పరీక్ష మామూలుగా వచ్చినా మీ స్కోరుకు ఏడాదికోసారి మళ్లీ చేయించుకోవాలి. ముందస్తు దశలో ఉంటే కూడా ఏడాదికి ఒకసారి, మెట్‌ఫార్మిన్ మొదలుపెడితే డాక్టరు చెప్పిన గడువులో. దాహం, ఎక్కువగా మూత్రం, బరువు పడిపోవడం లాంటివేమీ లేకుండా ఒక్కసారే 126 లేదా 200 దాటితే అప్పుడే ‘షుగర్ వచ్చింది’ అని నిర్ణయించుకోకండి. ఇంకో రోజు మళ్లీ పరీక్ష చేయించి, రెండోసారీ అలాగే వస్తేనే ఖాయం.